నలభై ఒకటో బిళ్ళ

ఓడ దిగేటప్పుడు బిళ్ళ తిప్పాలి. ఎక్కాక మళ్ళీ తిప్పాలి. ఇంతే. ఐదేళ్ళ పిల్లకు చెప్పినా అర్థమయ్యే పని. అయినా ప్రయాణం మొదలై తొమ్మిది రోజులైనా, మా ఓడలోని యాభై ఎనిమిది మంది యాత్రికుల్లో కనీసం ఐదుగురు ప్రతిసారీ మరిచిపోయేవారు. మెట్ల పక్కన గోడకు ఒక చెక్క పలక, దాని నిండా మేకులు, మేకుకొక గుండ్రటి బిళ్ళ. బిళ్ళ మీద గది అంకె, గదికి రెండు మంచాలుంటే పక్కన ఒక అక్షరం. ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. తెలుపు కనబడితే మనిషి ఓడలో ఉన్నట్టు, ఎరుపు కనబడితే ఒడ్డున ఉన్నట్టు. ఒక్క బిళ్ళ ఎర్రగా ఉన్నా ఓడ కదలదు. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకోవాలి. భార్య బిళ్ళను భర్త కూడా ముట్టకూడదు.

అందరూ ఎక్కాక ఒక్కో అంకె పిలవడం, "ఎక్కాను" అనే జవాబు విని కాగితం మీద గీత పెట్టుకోవడం నా పని. రబ్బరు పడవలు నడపడం, ఒడ్డున తుపాకి పట్టుకుని తెల్ల ఎలుగులు రాకుండా కాపలా కాయడం కూడా నా పనే. నా పేరు తోమసీనె. మాది గ్రీన్‌లాండ్ తూర్పు తీరం. పదకొండేళ్ళుగా వేసవి వస్తే ఈ ఓడల మీదే నా బతుకు. నాకు కోపం ఎక్కువని మా ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు.

ఆ శుక్రవారం నా చిరాకుకు కారణం ఉంది. ఆదివారం పొద్దున పది గంటలకు మా ఊరి చర్చిలో మా చెల్లెలు యుస్తీనె కొడుకుకు పేరు పెడుతున్నారు. పాస్టరు ఏడాదికి రెండుసార్లే హెలికాప్టరులో వస్తాడు. ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోతాడు. మళ్ళీ మొహం చూపించేది వచ్చే ఏడాది మంచు కరిగాకే. ఆ బిడ్డకు పెట్టేది మా తమ్ముడి పేరు. దాన్ని అందరి ముందూ పలకాల్సింది నేను.

ఆ పేరు ఇక్కడ రాయను. పోయినవాళ్ళ పేరు ఇంకో బిడ్డకు పెట్టేదాకా మేము నోట పలకం. పెట్టాక ఆ బిడ్డను మా అమ్మ "కొడుకా" అంటుంది, నేను "తమ్ముడూ" అంటాను. పోయినవాడు ఆ పిల్లాడిలో కుదురుకుంటాడు. అందరికీ నెమ్మది. కానీ మావాడు పోయాడో లేదో ఎవరికీ తెలియదు. చిక్కంతా అక్కడే.

నాలుగేళ్ళ కిందట వాడు నా కొత్త పడవ ఇంజన్ని సముద్రం పాలు చేశాడు. నేను దుకాణంలో నలుగురి ముందూ, "నువ్వు ఇంట్లో ఉంటే ఎంత, లేకపోతే ఎంత" అన్నాను. వాడు నవ్వాడు. ఇంటికొచ్చి కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, తుపాకి భుజాన వేసుకుని కొండల వైపు నడిచాడు. మళ్ళీ రాలేదు. శవమూ దొరకలేదు. అలా అలిగి కొండల్లోకి వెళ్ళిపోయినవాణ్ణి మావాళ్ళు కివిత్తోక్ అంటారు. వాడు చావడు, బతకడు. ఇళ్ళ చుట్టూ తిరుగుతాడు. ఎవరి మాటకు వెళ్ళిపోయాడో వాళ్ళే నోరారా పిలిస్తే తప్ప గడప తొక్కలేడు. అందుకే పిలవకూడదంటారు. వచ్చేది వెళ్ళినవాడు కాదట.

అమ్మ నాలుగేళ్ళు ఒప్పుకోలేదు. పేరు ఇచ్చేస్తే కొడుకును పూడ్చినట్టే కదా. ఈ వేసవిలో ఉన్నట్టుండి, "సరే, ఇచ్చేద్దాం. వాణ్ణి పంపింది నీ నోరే. ఆ నోటితోనే పలుకు" అంది. ఆ ఒక్క మాట పలికేస్తే నా గుండెల మీది బండ దిగుతుందని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

ఇక మిగిలింది ఒక్క మజిలీ. ఫ్యోర్డు, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపాయ, దాని లోపల ఒక పాడుబడ్డ పల్లె. నాలుగు చెక్క ఇళ్ళు, అందులో మూడింటికి పైకప్పులు లేవు. అక్కణ్ణుంచి మా ఊరికి నలభై రెండు గంటల దారి. ఆ మజిలీ మానేద్దామని మా యాత్ర నాయకుడు టోర్బెన్‌ను ముందు రోజే బతిమాలాను. డెన్మార్క్ మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, చంకలో ఎప్పుడూ నియమాల పుస్తకం.

"కస్తూరి ఎద్దులు కనబడతాయని యాత్రికులకు మాటిచ్చాం, తోమసీనె. ఒక్క గంట."

ఆయన ఒక్క గంట అంటే మూడు గంటలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఎద్దులు కనబడ్డాయి, కాదనను. పన్నెండు. వాలు మీద నెత్తురు రంగు నాచులో మేస్తున్నాయి. ఎండ కాస్తోంది. ఆ నెలలో మాకు చీకటే ఉండదు, సూర్యుడు అంచు మీద తిరుగుతూనే ఉంటాడు. యాత్రికులు కెమెరాలు పట్టుకుని బోర్లా పడుకున్నారు. నేను కాస్త దూరంగా తుపాకితో నిలబడ్డాను. ఉన్నట్టుండి ఎద్దులన్నీ పరుగెత్తి ఒక్కచోట చేరాయి. దూడల్ని వెనక పెట్టుకుని, కొమ్ములు ముందుకు పెట్టి దడి కట్టాయి. ఎలుగు వస్తే అలా కడతాయి. యాత్రికులకు పండగే. కానీ వాటి కొమ్ములు మావైపు లేవు. వీపులు మాకు చూపించి, అన్నీ ఒకేవైపు, పైకప్పు మిగిలిన ఆ ఒక్క ఇంటివైపు చూస్తున్నాయి. దుర్భిణితో చూశాను. తలుపు తెరిచి ఉంది. లోపల ఏమీ కనబడలేదు. వచ్చేటప్పుడు ఆ తలుపు మూసి ఉందని నాకు గుర్తు.

ఇంతలో నీళ్ళ మీద నుంచి పొగమంచు లేచింది. పది నిమిషాల్లో ఎద్దులూ ఇళ్ళూ మాయమయ్యాయి. తల ప్రాణం తోకకొచ్చేలా అరిచి అందరినీ పడవల్లోకి ఎక్కించాను.

ఓడ మీద పలక చూశాను. అన్నీ తెలుపు. ఒక్కటి ఎరుపు. నలభై ఒకటి.

"నలభై ఒకటి," అని పిలిచాను. జవాబు లేదు.

పావియా మామ వంటగదిలోంచి ఉల్లిపాయలు తరిగే కత్తితోనే వచ్చి నా భుజం మీంచి చూశాడు. మా అమ్మకు తమ్ముడు. ఓడలో వంట ఆయనదే.

"నలభై ఒకటో గది ఖాళీ కదమ్మా. ఆ జర్మనీ ఆయన కాలు విరగ్గొట్టుకుని రానేలేదు."

"అదే కదా మామా నా ఏడుపు. లేనివాడు ఒడ్డుకెట్లా వెళ్ళాడు?"

ఎవరో ఆకతాయి పని అన్నాను. ఆ ఆకతాయి ఎవరో తేలాలన్నాడు టోర్బెన్. భోజనాల గదిలో అందరినీ నిలబెట్టి లెక్కపెట్టాం. యాభై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాం. యాభై ఎనిమిది. ఓడ పనివాళ్ళనూ లెక్కపెట్టాం. సరిపోయింది. గదులన్నీ వెతికాం. రెండు గంటలు గడిచాయి. కెప్టెన్ వచ్చి, గాలి మళ్ళిందనీ, ఫ్యోర్డు నోటి దగ్గరికి మంచు తోసుకొస్తోందనీ, మధ్యాహ్నం మూడు లోపల బయటపడకపోతే రెండు రోజులు ఇక్కడే కూర్చోవాలనీ చెప్పాడు. రెండు రోజులంటే ఆదివారం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మనుషులు సరిపోయారు కదా. బిళ్ళ తిప్పి కదలండి."

"ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి. నియమం నియమమే," అన్నాడు టోర్బెన్. "మీరొకసారి ఒడ్డుకు వెళ్ళి చూసి రండి."

"ఎవర్ని చూడమంటారు? లేనివాణ్ణా?"

"లేడని చూసి రండి."

ఒంటరిగా ఎవరినీ ఒడ్డుకు పంపకూడదనే నియమం మాత్రం ఆ పూట ఆయనకు గుర్తు రాలేదు.

పొగమంచులో పడవ మెల్లగా పోనిచ్చాను. ఒడ్డు తగిలేదాకా ఒడ్డు కనబడలేదు. ఇంజన్ ఆపాను. చప్పుడు లేదు. ఎక్కడో ఒక మంచుకొండ విరిగి నీళ్ళలో పడింది, ఆ అల వచ్చి కాళ్ళకు తగిలింది. మళ్ళీ చప్పుడు లేదు. "ఎవరైనా ఉన్నారా" అని డేనిష్‌లో అరిచాను. మా భాషలో అరవడానికి ఎందుకో నోరు రాలేదు.

ఆ ఇంటి దాకా నడిచాను. గుమ్మంలోనే వాసన తగిలింది. కాఫీ. యాభై ఏళ్ళుగా మనిషి లేని ఇంట్లో అప్పుడే కాచిన కాఫీ వాసన. దాని కింద ఇంకో వాసన... తడిసిన తోలు, సముద్రంలో మేము వేటాడే సీల్ జంతువు కుళ్ళిన కొవ్వు. కిటికీ గట్టు మీద ఒక కప్పు. కడిగి బోర్లించి ఉంది. ముట్టుకున్నాను.

ఇంకా తడిగా ఉంది.

వెనక్కి తిరిగి నడిచాను. పరుగెత్తకూడదని తెలుసు, ఎలుగు ముందైనా ఇంకేదాని ముందైనా. ఇసుక దగ్గరికి వచ్చాక కనబడ్డాయి అడుగులు. నా బూట్లవి కావు, యాత్రికులవీ కావు. మడమ లేని సీల్ తోలు బూట్లవి. కొండ వైపు నుంచి వచ్చాయి. పొద్దున మేము పడవలు ఎక్కిన చోటిదాకా వచ్చాయి. అక్కడ చాలాసేపు నిలబడ్డట్టు ఇసుక అణిగిపోయి ఉంది.

వెనక్కి వెళ్ళిన అడుగులు లేవు...

ఇంజన్ తాడు లాగాను. అంటుకోలేదు. మళ్ళీ లాగాను. పొగమంచులో ఎవరో నీళ్ళలో నడుస్తున్నారు. తొందర లేదు. ఒక అడుగు... ఆగి... ఇంకో అడుగు. మూడోసారికి ఇంజన్ అంటుకుంది.

"ఎవరూ లేరు," అని చెప్పాను టోర్బెన్‌కు.

"మంచిది. అయితే జరిగింది రాసిపెడదాం. యాత్రికులందరి దగ్గరా సంతకాలు తీసుకుంటే..."

సంతకాలు. యాభై ఎనిమిది సంతకాలు. గడియారం పావు తక్కువ మూడు. ఆయన కాగితాల కోసం పైకి వెళ్ళాడు. పలక ముందు నేనూ, వంటగదిలోంచి మళ్ళీ కత్తితోనే వచ్చిన పావియా మామా మిగిలాం. ఎర్రగా ఆ ఒక్క బిళ్ళ. నా లెక్క ఒకటే. ఇది ఎర్రగా ఉన్నంతసేపూ మేము ఇక్కడే, వాడి పక్కనే. తిప్పేస్తే ఓడ కదులుతుంది, వాడు తన కొండల్లో తాను ఉండిపోతాడు. ఎవరని అడగకండి. నాకు తెలుసు.

"ముట్టుకోకు తల్లీ," అన్నాడు మామ గొంతు తగ్గించి. "అది నీది కాదు."

"నాది కాదు, నీది కాదు, మరి ఎవడిది మామా? ఎవడికోసం నేను ఆగాలి? నాలుగేళ్ళు ఆగలేదా?"

చెయ్యి చాచి బిళ్ళ తిప్పేశాను. పదకొండేళ్ళ అలవాటు. చేత్తో తిప్పితే నోటితో అంకె వస్తుంది. దాని వెనకే కోపమూ వచ్చింది, అదీ మా భాషలో.

"నలభై ఒకటి. ఎక్కితే ఎక్కు, ఏడిస్తే ఏడువు. పద ఇంటికి."

మామ చేతిలోని కత్తి కింద పడింది. "ఏమన్నావే? ఇప్పుడేమన్నావ్?"

అప్పటికి నాకూ తెలిసింది ఏమన్నానో. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది.

మెట్ల దగ్గర రబ్బరు బూట్లు వేలాడదీసే చోటు ఉంది. అక్కడ వెలుతురు తక్కువ. వరసగా వేలాడుతున్న బూట్లలో చివరి జత... కాస్త ఊగింది.

"ఎక్కాను."

బొంగురు గొంతు. చాలాకాలంగా ఎవరితోనూ మాట్లాడని గొంతు. అందులో నవ్వుంది. ఆ నవ్వు నాకు తెలుసు.

తెల్ల బిళ్ళ చూసి టోర్బెన్ ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరు తిప్పారని అడిగాడు. "ఎవరిదో వాళ్ళే," అన్నాను. లంగరు లేచింది. మంచు మూసుకునే లోపల బయటపడ్డాం. యాత్రికులు చప్పట్లు కొట్టారు.

శనివారం అంతా ఎండ. ఒక తిమింగలాల జంట గంటసేపు ఓడ పక్కనే వచ్చింది. అందరూ పైన ఉన్నారు. నలభయ్యో గది ముసలావిడ మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మాయ్, పక్క గది ఆయనకు కాస్త చెప్పు. నిన్నటి నుంచీ నడుస్తూనే ఉన్నాడు. అటూ ఇటూ, అటూ ఇటూ. నాకు కునుకు లేదు."

"చెబుతానండీ," అన్నాను. ఇంకేమంటాను?

నలభై ఒకటో గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. నా తాళంచెవి తిరగలేదు. తలుపు కింది నుంచి నీళ్ళు వస్తున్నాయి. వంగి వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. కొండ మంచు కరిగిన నీళ్ళు. లోపల నడక ఆగింది. తలుపుకు అవతల, నా మొహం ఎదురుగా, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"ఎందుకొచ్చావు?" అన్నాను మెల్లగా.

"నువ్వేగా పద ఇంటికన్నావు."

"ఆ మాట... కోపంలో వచ్చింది."

"నీకన్నీ కోపంలోనే వస్తాయక్కా. పొమ్మన్నదీ కోపంలోనే కదా."

చెక్క మీద గోళ్ళతో మెల్లగా గీరుతున్న చప్పుడు. పైనుంచి కిందికి.

"రేపు... నీ పేరు యుస్తీనె కొడుకుకు పెడుతున్నాం. అమ్మ ఒప్పుకుంది. ఇక నువ్వు నెమ్మదిగా ఉండొచ్చు."

గీరుడు ఆగింది. ఊపిరి కూడా.

"నా పేరు ఎవరికీ ఇవ్వొద్దు," అన్నాడు. "నేనింకా వాడుకుంటున్నాను."

"ఇస్తే?"

"పేరు ఎక్కడుంటే నేనక్కడ. ఆ పిల్లాడిలో ఇద్దరికి చోటుందేమో చూద్దాం... చిన్నవాడు కదా."

నాలుగేళ్ళుగా ఒక మాట దాచుకున్నాను, వాడు కనబడితే చెప్పాలని. క్షమించరా అని. అది గొంతు దాకా వచ్చింది. తలుపు సందులోంచి వస్తున్న ఆ తడి తోలు, కుళ్ళిన కొవ్వు వాసనకు వెనక్కి పోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది. మనుషులందరి ముందూ పొమ్మనగలిగిన నోరు, ఎవరూ లేని చోట తలుపుకు ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది.

ఆదివారం తొమ్మిదిన్నరకు మా ఊరి ముందు లంగరు వేశాం. దిగేముందు చూస్తే నలభై ఒకటో గది తలుపు తెరిచి ఉంది. పావియా మామ నేల తుడుస్తున్నాడు. పరుపు మీద తడి, కొంచెం నాచు. మనిషి లేడు.

"దిగాడా మామా?"

"నన్నడక్కు," అన్నాడు ఆయన తలెత్తకుండా.

పని బట్టల్లోనే కొండెక్కి చర్చికి పరుగెత్తాను. అందరూ పూసల దుస్తుల్లో ఉన్నారు. అమ్మ ముందు వరసలో, అంచున కూర్చుంది. నన్ను చూసి తలూపింది. యుస్తీనె బిడ్డను నా చేతుల్లో పెట్టి, "వస్తావో రావో అని చచ్చాననుకో" అంది చెవిలో. ఆరు వారాల పిల్లాడు. వెచ్చగా ఉన్నాడు. పాల వాసన. నా వేలు పట్టుకుని వదల్లేదు.

పాస్టరు నీళ్ళలో చెయ్యి ముంచి, "బిడ్డ పేరు?" అన్నాడు.

ఈ ఒక్క మాట కోసమే కదా తొందరపడింది. ఈ తొందరలోనే కదా బిళ్ళ తిప్పింది. పేరు నాలుక చివర ఉంది. పలికితే అమ్మ కొడుకును పూడ్చుకుంటుంది, ఊరికి నెమ్మది. కానీ పూడ్చేది ఎక్కడ? ఈ పిడికెడంత ఒంట్లోనా?

"పేరు?" అన్నాడు పాస్టరు మళ్ళీ.

"ఏనోక్," అన్నాను. మా తాత పేరు.

చర్చిలో గుసగుసలు లేచాయి. యుస్తీనె నా మోచెయ్యి పట్టుకుని గిల్లింది. "అక్కా, పిచ్చా నీకు? అదేం పేరు? అమ్మ..." పాస్టరు నీళ్ళు చల్లేశాడు. ఇక మార్చడానికి లేదు. అందరూ పాటకు లేచి నిలబడ్డారు.

అమ్మ మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. నాలుగేళ్ళ తర్వాత కూడగట్టుకున్న మనసును ఒక్క మాటతో విరగ్గొట్టాను. ఈసారి కూడా నలుగురి ముందే. పాట మొదలయ్యాక తలెత్తాను.

అమ్మ ఏడవడం లేదు. నావైపు చూడటం కూడా లేదు. అంచున కూర్చున్నదల్లా వరసలో కాస్త లోపలికి జరిగి, తన పక్కన ఒకరికి చోటు వదిలి నిలబడింది. పాటల పుస్తకం తన ముందు కాకుండా ఆ ఖాళీ వైపుకు జరిపి, రెండు చేతులతో కింది నుంచి పట్టుకుంది, ఇద్దరూ చూసి పాడుకునేటట్టు.

మూడో చరణం పేజీ వెనకవైపు ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి పేజీ తిరిగింది. అమ్మ రెండు చేతులూ పుస్తకం కిందే ఉన్నాయి.